కొత్త ట్రాక్టరు, డీలరు నోటిమాట, జాబ్ కార్డు: నూరేళ్ల కథ

ఈసారి పోస్టు కొంచెం పెద్దది. పొలం పని అయ్యాక, రాత్రి భోంచేసి మంచం మీద కూర్చున్నాక తీరిగ్గా చదవండి. త్వరలో కొత్త బండి కొనాలనుకుంటున్నవాళ్లు మాత్రం తప్పకుండా చదవండి.

మొన్న సార్వాకి ముందు మా వీధిలో ఒక బాబాయ్ కొత్త ట్రాక్టరు తెచ్చాడు. షోరూంలో దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, తాళం చేతికిస్తూ ఫొటో తీశారు, స్వీటు బాక్సు ఇచ్చారు. ఊళ్లోకి వచ్చాక గుడి చుట్టూ తిప్పి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. అంతా బాగుంది. అవర్ మీటర్ నలభై గంటలు దాటిందో లేదో, లిఫ్టు మొరాయించింది. రోటావేటర్ పైకి ఎత్తి గట్టు దాటించబోతే మెల్లగా దిగిపోతోంది. దమ్ము మొదలైన వారం అది.

ఫోన్ చేస్తే డీలరు ఏమన్నాడో మీలో చాలామందికి చెప్పక్కర్లేదు. "కొత్త బండి కదండీ, కొంచెం సెట్ అవ్వాలి. యాభై గంటల సర్వీసులో చూద్దాం." ఆ సర్వీసులో ఆయిల్ మార్చారు. మళ్లీ అదే గొడవ. ఇంటికి మెకానిక్ కుర్రాడిని పంపారు. ఏదో బిగించి, టీ తాగి వెళ్లిపోయాడు. మళ్లీ అదే. నాలుగోసారి అడిగితే "మీ డ్రైవరుకి లిఫ్టు వాడటం రాదు" అన్నారు. ఆ డ్రైవరు ఎవరో కాదు, బాబాయే. పాతికేళ్లుగా ట్రాక్టరు నడుపుతున్న మనిషి.

ఇంతలో దమ్ము ఆగదు కదా. పక్కవాళ్ల బండి గంటకింత అని కిరాయికి పెట్టుకున్నాడు. కొత్త బండి చావిట్లో ఉంటే, కిరాయి బండితో దమ్ము. పైగా ఫైనాన్సు వాడి కిస్తీకి బండి బాగుందా లేదా అన్నది అనవసరం, తేదీకి తేదీ కట్టాల్సిందే.

ఆ రోజుల్లో బాబాయ్‌తో షోరూం చుట్టూ నేనూ తిరిగాను. తిరుగుతూ ఈ గొడవ మనకి మొదటిది కాదు గదా, ముందువాళ్లు ఏం చేశారు అని కొంచెం చదివాను. చదివితే తెలిసింది, కొత్త ట్రాక్టరు కొని మోసపోయిన రైతు కథకి నూరేళ్లు దాటాయని. మనం ఇవాళ డీలరు ముందు నిలబడి గట్టిగా అడగగలుగుతున్నామంటే, దాని వెనక అలా మోసపోయిన రైతులే ఉన్నారని. ఆ కథే ఇది.

మొదలు అమెరికాలో. నెబ్రాస్కా అనే రాష్ట్రం, మొక్కజొన్న, గోధుమ పండించే నేల. 1910ల్లో అక్కడ గుర్రాలు పోయి ట్రాక్టర్లు వస్తున్న కాలం. వందల కంపెనీలు పుట్టుకొచ్చాయి. కొన్ని నిజంగా బండ్లు తయారుచేసేవి, కొన్ని కాగితం మీద బొమ్మ చూపించి షేర్లు అమ్ముకునేవి. బండి ఎన్ని నాగళ్లు లాగుతుందో, ఎన్ని హార్స్ పవరో ఎవడికి తోచింది వాడు రాసుకునేవాడు. అడిగేవాడు లేడు, కొలిచేవాడు లేడు.

ఆ రాష్ట్రంలో పోక్ కౌంటీలో విల్మాట్ క్రోజియర్ అని ఒక రైతు. 1916 ప్రాంతంలో ఆయన ఫోర్డ్ అనే పేరున్న ట్రాక్టరు కొన్నాడు. ఫోర్డ్ అంటే అప్పటికే ప్రపంచమంతా తెలిసిన కార్ల హెన్రీ ఫోర్డ్ అని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ ట్రాక్టరుకీ హెన్రీ ఫోర్డ్‌కీ సంబంధం లేదు. మినియాపొలిస్ ఊళ్లో కొందరు కలిసి, ఫోర్డ్ అనే ఇంటిపేరున్న ఒక మనిషిని కంపెనీలో పెట్టుకుని, ఆ పేరుతో ట్రాక్టర్లు అమ్మారు. అసలు హెన్రీ ఫోర్డ్ 1917లో ట్రాక్టరు తెచ్చినప్పుడు దానికి ఫోర్డ్ అని కాకుండా ఫోర్డ్‌సన్ అని పేరు పెట్టుకోవాల్సి రావడానికి, ఆ పేరు వీళ్ల చేతిలో ఉండటం ఒక కారణమని చెబుతారు. మన దగ్గర పెద్ద కంపెనీ పేరులో ఒక అక్షరం మార్చి పురుగుమందు డబ్బా అమ్మేవాళ్లని చూశాం కదా, అదే బాపతు.

క్రోజియర్ కొన్న ఆ బండి పొలంలో నిలబడలేదు. తర్వాత సెకండ్ హ్యాండులో బుల్ అనే ట్రాక్టరు కొన్నాడు. అదీ తృప్తినివ్వలేదు. చివరికి 1918లో రుమేలీ కంపెనీ వాళ్ల మూడు నాగళ్ల ట్రాక్టరు కొన్నాడు. అది మాత్రం కంపెనీ చెప్పినంత పనీ చేసింది, ఇంకా ఎక్కువే చేసింది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. మనలో ఎవరమైనా అయితే ఏం చేస్తాం? మూడో బండి బాగా వచ్చింది కదా అని ముందు రెండింటినీ మరిచిపోతాం. పోయిన డబ్బు పోయిందని అరుగు మీద కూర్చుని చెప్పుకుంటాం. క్రోజియర్ అలా చేయలేదు. మంచి బండి కూడా ఉందంటే, మంచిదేదో చెడ్డదేదో కొనకముందే తెలుసుకునే దారి ఉండాలి గదా అన్నది ఆయన ప్రశ్న. ఒక రైతు బండికి ఒక బండి కొని, పరీక్షకి తన పొలాన్నీ తన డబ్బునీ ఎందుకు పెట్టాలి?

అప్పటికి ఆయన ఆ రాష్ట్ర శాసనసభకి ఎన్నికయ్యాడు. చార్లెస్ వార్నర్ అనే సెనేటరుతో కలిసి 1919లో ఒక బిల్లు తెచ్చి పాస్ చేయించాడు. ఆ చట్టంలో ముఖ్యమైనవి మూడు సంగతులు. ఒకటి, ఆ రాష్ట్రంలో ఏ కొత్త మోడల్ ట్రాక్టరు అమ్మాలన్నా ముందు రాష్ట్ర విశ్వవిద్యాలయం ఇంజినీర్లు దాన్ని పరీక్షించాలి. కంపెనీ చెప్పిన పవరు నిజంగా వస్తోందా లేదా కొలిచి రాయాలి. రెండు, పరీక్షలో వచ్చిన ఫలితాల్లో తమకి నచ్చిన ముక్క మాత్రమే కోసుకుని ప్రచారం చేసుకోకూడదు. మూడు, బండి అమ్మే కంపెనీ ఆ రాష్ట్రంలోనే స్పేర్ పార్టులతో సర్వీసు కేంద్రం పెట్టాలి.

ఆ మూడో మాట మళ్లీ చదవండి. అమ్మేసి వెళ్లిపోతే కుదరదు, పార్టులు ఇక్కడ ఉండాలి. నూరేళ్ల కిందట ఒక రైతు పట్టుబట్టి రాయించిన మాట అది. ఇవాళ మనం "పార్టు పై నుంచి రావాలి, ఇరవై రోజులు పడుతుంది" అని విని తల ఊపి వచ్చేస్తున్నాం.

లింకన్ అనే ఊళ్లో పరీక్షలు పెట్టారు. 1920 వసంతంలో మొదటి పరీక్ష పూర్తయింది. వాటర్లూ బాయ్ అనే ట్రాక్టరు, అప్పటికే జాన్ డీర్ వాళ్లు కొనుక్కున్న కంపెనీది. బండి వెనక లాగే శక్తి ఎంత, బెల్టు మీద తిప్పే శక్తి ఎంత, గంటకి ఎంత ఇంధనం తాగింది, మధ్యలో ఏయే రిపేర్లు వచ్చాయి, అన్నీ రాసి అచ్చేశారు. ఆ ఒక్క రాష్ట్రం పెట్టిన పరీక్షని మిగతా రాష్ట్రాల రైతులు కూడా అడగడం మొదలుపెట్టారు. తర్వాత్తర్వాత ప్రపంచ దేశాల్లో ట్రాక్టరు పరీక్షలు వచ్చాయంటే దానికి ఇది ఒక పునాది.

క్రోజియర్ తన డీలరు మీద పగ తీర్చుకోలేదు. డీలరు నోటిమాట స్థానంలో మూడో మనిషి కొలత పెట్టించాడు, అంతే. ఈ కథలో మనం పట్టుకోవాల్సిన దారం ఇదే.

ఇక మన దేశానికి వద్దాం.

మన దగ్గర కొనుగోలు అమ్మకాలకి పాత చట్టం 1930 నాటిది, సరుకుల విక్రయ చట్టం. బ్రిటిష్ వాళ్ల కాలం. దాని మూలసూత్రం ఒక్క ముక్కలో చెప్పాలంటే, కొనేవాడే కళ్లు తెరుచుకుని కొనాలి. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. నాకు ఫలానా పనికి కావాలని అమ్మేవాడికి చెప్పి, వాడి తెలివిని నమ్మి కొంటే, ఆ పనికి తగినట్టు ఉండాలి. కానీ అందులోనే ఒక మెలిక ఉంది. మీరే పేటెంటు పేరో, కంపెనీ పేరో చెప్పి ఫలానా బండే కావాలని అడిగి కొంటే, అది మీ పనికి పనికొస్తుందని అమ్మినవాడు హామీ ఇచ్చినట్టు లెక్క కాదు. ఇంకో మెలిక. సరుకు చేతికొచ్చాక, ఇది నాకొద్దని తగిన సమయంలో చెప్పకుండా దగ్గరుంచుకుంటే ఒప్పుకున్నట్టే.

చూశారా, "కొన్నాళ్లు తోలండి, సెట్ అవుతుంది" అన్న మాటలోని ఇబ్బంది? డీలరు తెలిసి అన్నాడో తెలియక అన్నాడో గానీ, మనం నోరు మూసుకుని తోలిన ప్రతి రోజూ మన కేసు కొంచెం కొంచెం బలహీనమవుతుంది. అందుకే మొదటి రోజే చెప్పాలి, కాగితం మీద చెప్పాలి. ఈ సంగతి తర్వాత మళ్లీ చెప్తాను.

ఆ చట్టం ఉన్నా, దాని కోసం సివిల్ కోర్టుకి ఎక్కాలి. కోర్టు ఫీజు, వకీలు ఫీజు, వాయిదాలు. ట్రాక్టరు అరిగి తుక్కు అయ్యేదాకా తీర్పు రాదు. కాబట్టి రైతు ఎవరూ ఎక్కేవాడు కాదు.

పైగా ఆ రోజుల్లో ట్రాక్టరు దొరకడమే గగనం. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో బండ్లన్నీ బయటి దేశాల నుంచే. 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్ వాళ్లు ఇక్కడే ట్రాక్టరు బిగించడం మొదలుపెట్టారు. 1960ల్లో ఇంకొన్ని కంపెనీలు వచ్చాయి. అప్పుడే హరిత విప్లవం మొదలైంది. కొత్త గోధుమ, కొత్త వరి, రెండు పంటలు. అందరికీ ట్రాక్టరు కావాలి, బండ్లేమో చాలవు. రష్యా నుంచి, చెకోస్లొవేకియా నుంచి, పోలండ్ నుంచి తెప్పించి ఆగ్రో ఇండస్ట్రీస్ కార్పొరేషన్ల ద్వారా ఇచ్చేవాళ్లు. ప్రభుత్వం ధరల మీద అదుపు పెట్టింది. 1971లో ట్రాక్టర్ల పంపిణీ, అమ్మకాల మీద నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. డబ్బు కట్టి, పేరు రాయించుకుని, వంతు కోసం ఎదురుచూడాలి. మీ ఊళ్లో డెబ్బై ఏళ్లు దాటిన పెద్దవాళ్లుంటే అడగండి, ఆ రోజుల్లో ట్రాక్టరు అలాట్‌మెంటు అంటే ఏమిటో చెప్తారు.

అలా ఏళ్లు ఆగి తెచ్చుకున్న బండిలో లోపం ఉంటే ఏం చేస్తాడు? ఏమీ చేయడు. మెకానిక్‌ని పిలిచి బాగు చేయించుకుంటాడు. వెనక్కిస్తే మళ్లీ వంతు రాదు. కొనేవాడు కస్టమరు కాదు అప్పుడు, అర్జీదారు. నా అనుమానం ఏమిటంటే, మన చేతులు కట్టుకుని నిలబడే అలవాటు అప్పటిది. బండ్ల కొరత పోయింది, ఇప్పుడు మన దేశంలో ఏటా ఎనిమిది లక్షలకు పైగా ట్రాక్టర్లు అమ్ముడవుతున్నాయి, డీలర్లే ఊళ్లోకొచ్చి డెమో ఇస్తున్నారు. అయినా డబ్బు కట్టేశాక మళ్లీ మనం అర్జీదారులం అయిపోతున్నాం.

పరీక్షల సంగతీ చెప్పాలి. మనకూ నెబ్రాస్కా లాంటి చోటు ఉంది. మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున బుద్నీ అనే ఊరు. 1955లో అక్కడ ట్రాక్టర్ శిక్షణ కేంద్రం పెట్టారు, తర్వాత అదే పరీక్షల సంస్థ కూడా అయింది. మన దగ్గర అనంతపురం జిల్లా గార్లదిన్నెలో 1983లో దక్షిణాది కోసం వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ పెట్టారు. చాలామంది రైతులు ఆ దారిన బస్సులో వెళ్తూ బోర్డు చూసి ఉంటారు, లోపల ఏం చేస్తారో తెలియదు. ఈ పరీక్షల్లో పీటీఓ పవరు, లాగే శక్తి, లిఫ్టు ఎంత బరువు ఎత్తుతుంది, ఎత్తిన బరువుని ఎంతసేపు నిలబెడుతుంది, ఇలాంటివన్నీ కొలుస్తారు. బాబాయ్ బండి ఫెయిలైంది సరిగ్గా ఆ చివరి దాంట్లోనే. కాబట్టి "లిఫ్టు కొంచెం దిగడం మామూలేనండీ" అని ఎవరైనా అంటే, మామూలంటే ఎంత అని అడగొచ్చు. ఆ మోడల్ పరీక్ష రిపోర్టు చూపించమని అడగొచ్చు. కొనకముందే అడిగితే ఇంకా మంచిది.

అసలు మలుపు 1986లో వచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 24న వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది. అందుకే ఏటా ఆ రోజున వినియోగదారుల దినం జరుపుతారు. జిల్లాకొక వేదిక. వకీలు లేకపోయినా మనమే తెల్లకాగితం మీద ఫిర్యాదు రాసి ఇవ్వొచ్చు. లోపమున్న సరుకు అమ్మినా, సర్వీసు సరిగ్గా చేయకపోయినా అడగొచ్చు. కళ్లు తెరుచుకుని కొనడం నీ బాధ్యత అన్న పాత చట్టం పక్కన, సరైన సరుకు అమ్మడం నీ బాధ్యత అని చెప్పే కొత్త చట్టం వచ్చి నిలబడింది.

కంపెనీలు ఊరుకుంటాయా? మొదటి వాదన ఏమిటంటే, ట్రాక్టరు, లారీ లాంటివి వ్యాపారానికి కొన్నవి, కాబట్టి కొన్నవాడు వినియోగదారుడు కాడు అని. దీనికి రెండు దెబ్బలు పడ్డాయి. 1993లో చట్టాన్ని సవరించి, సొంత కష్టంతో పొట్టపోసుకోవడానికి కొని వాడుకుంటే అది వ్యాపారం కిందకి రాదని వివరణ చేర్చారు. 1995లో సుప్రీంకోర్టు ఇంకా విడమర్చి చెప్పింది. ఆటో కొని తానే నడుపుకునేవాడూ, లారీ కొని తానే తోలుకునేవాడూ వినియోగదారుడే అని. మరి ట్రాక్టరు కొని తన చేను తానే దున్నుకునే రైతు? వేరే చెప్పాలా? అయితే పది బండ్లు కొని జీతగాళ్లని పెట్టి కిరాయికి తిప్పేవాళ్ల సంగతి వేరు, అక్కడ వాదన నడుస్తుంది.

రెండో దెబ్బ మన నేల నుంచే వెళ్లింది. ఇది మనందరం గర్వంగా చెప్పుకోవాల్సింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు కొందరు జాతీయ విత్తన సంస్థ నుంచి విత్తనాలు తీసుకున్నారు. పంట దెబ్బతింది. జిల్లా వేదికకి వెళ్లారు, గెలిచారు. సంస్థ పై వేదికలకి వెళ్లింది, చివరికి సుప్రీంకోర్టుకి వెళ్లింది. వాళ్ల వాదనలు రెండు. విత్తనాల చట్టం వేరే ఉంది కాబట్టి ఇక్కడికి రాకూడదు అన్నారు. విత్తనాన్ని ల్యాబులో పరీక్ష చేయించకుండా లోపం ఉందని ఎలా చెబుతారు అన్నారు. 2012 జనవరిలో సుప్రీంకోర్టు రెండూ కొట్టేసింది. రైతు వినియోగదారుడే అంది. విత్తనం కొన్న రైతు మొత్తం చల్లేస్తాడు గానీ, రేపు కేసు వేయాలని కొంచెం దాచిపెట్టుకుంటాడా అన్నది ఆ తీర్పులోని సారం. రైతు చేసే పనిని రైతు కళ్లతో చూసిన తీర్పు అది.

ఆ విత్తనం మట్టిలో కలిసిపోయింది, చూపించడానికి మిగల్లేదు. మన ట్రాక్టరు అలా కాదు, చావిట్లోనే ఉంది. సాక్ష్యం మన ఇంట్లోనే పెట్టుకుని, ఏ కాగితం రాయకుండా విప్పనిచ్చేస్తున్నాం. ఇదీ మనం చేసే తప్పు.

నిజం రెండు వైపులా చెప్పాలి. అన్ని తీర్పులూ మనవైపే రావు. 2006లో ఒక కారు కేసులో, లోపమున్న పార్టు బాగు చేయడం లేదా మార్చడం వరకే వారంటీ కాబట్టి, మొత్తం బండి మార్చమనడం కుదరదని సుప్రీంకోర్టు అంది. అందుకే "కొత్త బండి ఇస్తారా చస్తారా" అని ఒకే మాట మీద కూర్చోకండి. లోపమున్న పార్టు మార్చాలి, అది కుదరకపోతే బండి మార్చాలి లేదా డబ్బివ్వాలి, పని ఆగినందుకు నష్టం ఇవ్వాలి, అని మెట్టుమెట్టుగా అడగాలి.

ఇప్పుడున్నది 2019 చట్టం, 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. మనకి పనికొచ్చేవి నాలుగు ముక్కలు. మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు పూణేలో ఉన్నా చెన్నైలో ఉన్నా వాళ్లే ఇక్కడికి రావాలి. బండికి కట్టిన ధర 50 లక్షల లోపయితే జిల్లా కమిషనే చాలు. ఫీజు, ధర 5 లక్షల దాకా అయితే అసలు లేదు, 5 నుంచి 10 లక్షల దాకా 200 రూపాయలు. లోపం బయటపడ్డాక రెండేళ్ల లోపు వేయాలి, ఇది మాత్రం మరిచిపోవద్దు. తయారీ లోపమా కాదా తేల్చడానికి కమిషన్ పరీక్షకి పంపొచ్చు, ఆ ఖర్చు ముందు మనం కట్టాల్సి రావచ్చు. డీలరునీ కంపెనీనీ ఇద్దరినీ పార్టీలుగా చేర్చాలి. లేకపోతే డీలరు కంపెనీ వైపు, కంపెనీ డీలరు వైపు వేలు చూపిస్తారు. అంతదాకా వెళ్లే ముందు 1915 నంబరుకి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు ఫిర్యాదు తీసుకుని కంపెనీకి పంపుతారు. చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి.

సరే, బాబాయ్ సంగతి ఏమైంది?

ఇదంతా చదివాక ఇద్దరం కూర్చుని మా దగ్గర ఏం కాగితాలున్నాయో చూశాం. ఇన్వాయిసు ఉంది, వారంటీ పుస్తకం ఉంది. నాలుగుసార్లు చేసిన ఫిర్యాదుకి కాగితం? ఒక్కటీ లేదు. మొదటిసారి ఫోన్. రెండోసారి సర్వీసులో జాబ్ కార్డు మీద "జనరల్ సర్వీస్, ఆయిల్ మార్పు" అని రాశారు, లిఫ్టు మాటే లేదు. బాబాయ్ చూడకుండా సంతకం పెట్టాడు. మూడోసారి ఇంటికొచ్చిన కుర్రాడు ఏమీ రాయలేదు. నాలుగోసారి నోటిమాట. అంటే కాగితాల ప్రకారం ఆ బండికి ఏ లోపమూ లేదు! ఎండలో నాలుగుసార్లు తిరిగిన మనిషి, లెక్కల్లో ఒక్కసారి కూడా తిరగలేదు.

ఐదోసారి బండిని షోరూంకి తోలుకెళ్లాం. జాబ్ కార్డులో ముందుగా మా ఫిర్యాదు రాయమన్నాం. "రోటావేటర్ ఎత్తితే నిలబడటం లేదు, దిగిపోతోంది, ఐదోసారి తెచ్చాం" అని, అవర్ మీటర్ రీడింగుతో సహా. సర్వీసు అడ్వైజరు నసిగాడు. అలా రాయడం మా పద్ధతి కాదన్నాడు. రాయకపోతే బండి ఇక్కడే ఉంచి వెళ్తామని బాబాయ్ నెమ్మదిగా అన్నాడు, అరవలేదు. రాశారు. కాపీ తీసుకున్నాం. షోరూం ముందే రోటావేటర్ ఎత్తి, పక్కన కర్ర నిలబెట్టి, ఎన్ని నిమిషాల్లో ఎంత దిగిందో వీడియో తీశాం. ఇంటికొచ్చి అదే సంగతి ఉత్తరంగా రాసి డీలరుకి ఒకటి, కంపెనీకి ఒకటి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం.

పదకొండో రోజు కంపెనీ ఇంజినీరు వచ్చాడు. విప్పి చూశాడు. లిఫ్టు సిలిండరు లోపలి సీలు దగ్గరే లోపం. సీలుతో పాటు సిలిండరే మార్చారు, వారంటీలో. డ్రైవరుకి వాడటం రాదన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. బండి ఇప్పుడు బాగా తిరుగుతోంది.

కానీ దమ్ముకి కిరాయి బండి పెట్టిన డబ్బు? అది రాలేదు. అడిగాం. బిల్లులేవి అన్నారు. కిరాయి బండి అతను ఊళ్లోవాడే, పద్దు నోటి మీద నడిచింది, కాగితం ఎక్కడుంది? ఆ డబ్బు బాబాయ్ చేతి నుంచే పోయింది. పార్టు మార్చాక ఆ మిగతా దానికోసం కేసు వేద్దామా అంటే, "పోనీలేరా, కోతలొస్తున్నాయి" అన్నాడు. నేను ఇంకేం అనలేకపోయాను. కాగితం ఉన్నంత మేర న్యాయం జరిగింది, కాగితం లేని చోట ఆగిపోయింది.

క్రోజియర్ చేయించింది కూడా ఇదే కదా. అమ్మేవాడు చెప్పే మాటని కొలిపించి, కాగితం మీద రాయించాడు. మన విత్తన రైతుల దగ్గర విత్తనమే మిగల్లేదు, అయినా సుప్రీంకోర్టు దాకా నిలబడ్డారు. మనకైతే బండి ఉంది, చేతిలో ఫోన్ ఉంది, పెన్ను ఖరీదు పది రూపాయలు.

అందుకని నేను అడిగేది ఒక్కటే. షోరూంకి వెళ్లినప్పుడు మొహమాటపడకండి. డీలరు మనకి శత్రువు కాదు, రేపు మళ్లీ వాడి దగ్గరికే వెళ్లాలి. గొడవ పడక్కర్లేదు. మర్యాదగానే, "బాబూ, నేను చెప్పింది చెప్పినట్టు జాబ్ కార్డు మీద రాయి" అనండి. చదివి సంతకం పెట్టండి. చదవడం రాకపోతే ఇంట్లో పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. కాపీ లేకుండా కదలకండి. పని ఆగి కిరాయి బండి పెడితే, చిన్న చీటీ మీదైనా తేదీ, గంటలు, డబ్బు రాయించి సంతకం తీసుకోండి. ఊళ్లోవాడే కదా అని వదిలేయకండి, ఊళ్లోవాడే కాబట్టి అడిగితే రాసిస్తాడు.

మీకు ఇలాంటిది జరిగి ఉంటే కింద రాయండి. ఏ పార్టు, ఎన్ని గంటలకి, ఎన్నిసార్లు తిప్పారు, చివరికి ఏమైంది. డీలరు పేరు అక్కర్లేదు, సంగతి చాలు. కొత్తగా కొనేవాళ్లకి పనికొస్తుంది. ఈ వారం ఎవరైనా డెలివరీకి వెళ్తుంటే, స్వీటు బాక్సు కంటే ముందు వారంటీ పుస్తకం తెరిచి చూడమని చెప్పండి.

ఉంటాను. తెల్లారితే నీళ్ల వంతు ఉంది.